అద్దె ఇంటికి వినైల్ పలకలా? ముందు గోడ అడుగు చూడండి

ప్రశ్న: మాది బరంపురం. మామగారి నాటి ఇల్లు. కింద మూడు గదులు, ఎర్ర గచ్చు. ముందు గది ఒకప్పుడు మగ్గం గది. మగ్గం తీసేశాక గుంట పూడ్చి పైన గచ్చు చేయించారు. 1998లో మేడ మీద రెండు గదులు వేసుకున్నాం, అక్కడ మొజాయిక్. తర్వాత పైపుల కోసం తవ్వి సిమెంటు పూయించడంతో అక్కడక్కడా అతుకులు పడ్డాయి. ఇప్పుడు మేం విశాఖలో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. ఇంటిని మెడికల్ కాలేజీ పిల్లలకి అద్దెకిద్దామనుకుంటే, నేల ఇలా ఉంటే మంచి అద్దె రాదన్నాడు బ్రోకర్. షాపాయన 2 మి.మీ. వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) పలకలు గమ్ముతో అంటించేస్తానంటున్నాడు. అబ్బాయేమో గమ్ము వద్దు, ఒకదాంట్లో ఒకటి బిగించే ఎస్‌పీసీ క్లిక్ పలకలు వేయించమంటున్నాడు. రెండూ వంద శాతం వాటర్‌ప్రూఫ్ అంటున్నారు. గోడలకి కింద రెండడుగుల మేర సున్నం రాలుతోంది, అది వేరే సంగతి, పెయింటు వేయిస్తాం. ఈ రెండు రకాల్లో ఏది తీసుకోమంటారు? వానలు మొదలవకముందే పని అయిపోవాలి.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీరే దాన్ని "అది వేరే సంగతి" అని పక్కన పెట్టేశారు. గోడ అడుగున సున్నం రాలడం వేరే సంగతి కాదు. ఈ విషయంలో మొదటి సంగతి అదే.

దీపం వత్తి నూనె పీల్చినట్టు పాత గోడ కింద మట్టిలోని నీటిని పీలుస్తుంది. ఇప్పటి ఇళ్లకి పునాది మీద చెమ్మ ఎక్కకుండా ఒక పొర వేస్తున్నారు. మీ మామగారి కాలం ఇళ్లలో చాలావాటికి అది లేదు. నీటితోపాటు మట్టిలోని ఉప్పు కూడా ఎక్కుతుంది. నీరు గాలికి ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోయి సున్నాన్ని లోపలినుంచి నెట్టేస్తుంది. మీరు రాసిన రెండడుగులు ఆ నీరు ఎక్కిన ఎత్తు. గోడలోకి ఎక్కే నీరు గచ్చులోకి మాత్రం రాకుండా ఉంటుందా? వస్తుంది. కాకపోతే గచ్చు తెరిచి ఉంది కాబట్టి వచ్చింది వచ్చినట్టే ఆరిపోతోంది. వానాకాలంలో చెప్పుల్లేకుండా నడిస్తే కాలికి చల్లగా, కాస్త జిగటగా తగులుతుందే, అదే ఇది. వినైల్ వేసిన రోజున ఆ నీరు ఆరే దారి మూసుకుపోతుంది.

ఇక వాటర్‌ప్రూఫ్ మాట. షాపాయన మిమ్మల్ని మోసం చేయడం లేదు. ఎస్‌పీసీ పలకని బకెట్ నీళ్లలో నెల రోజులు ముంచి తీసినా ఉబ్బదు. అది సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి నొక్కిన పలక, అందులో నీరు పీల్చే చెక్క లేదు. చెదకి తినడానికీ ఏమీ లేదు. కానీ ఆ మాట పలక గురించే, మీ ఇంటి గురించి కాదు. పైనుంచి ఒలికిన నీళ్లు తుడిస్తే పోతాయి. కిందనుంచి వచ్చిన నీరు ఎటు పోతుంది?

ఎటు పోతుందో నాకు డబ్బు ఖర్చుపెట్టి తెలిసింది. మాది పర్లాకిమిడి. ఇళ్ల పనులు చేయించడమే నా వృత్తి, అయినా సొంత ఇంట్లో తప్పు చేశాను. మా కింది వాటాలో అద్దెకి దిగబోయే మాస్టారు నేల బాగుండాలన్నారని చెక్క రంగు వినైల్ తెచ్చి ఎర్ర గచ్చుమీద గమ్ముతో అంటించాం. ఏప్రిల్‌లో పని. చూసినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు. ఆగస్టు వచ్చేసరికి మంచం కిందో చోట అప్పడంలా ఉబ్బింది. మాస్టారి భార్య గదిలో ఏదో వాసనొస్తోందని రెండుసార్లు అన్నారు, నేను పక్కింటి కాలవ మీదికి తోసేశాను. ఆఖరికి ఒక పలక అంచు గోటితో లేపితే, దానంతటదే ఊడి చేతిలోకొచ్చింది. గమ్ము బెల్లం పాకంలా పసుపుగా, జిగురుజిగురుగా ఉంది. దానికింద నల్లటి బూజు, గోడవారగా తెల్లటి ఉప్పు. సిమెంటులోని క్షారం చెమ్మతో కలిసి పైకొస్తే ఆ గమ్ము నిలవదు. అది నాకు తెలుసు కూడా, కానీ వేసవిలో గచ్చు ఎండుగా కనిపించేసరికి మోసపోయాను. పలకలు తీయడం తేలికే. ఆ గమ్ము తీయడానికి ఇద్దరు మనుషులు, గీకుడు పారలు, నాలుగు రోజులు. గమ్ముతోపాటు నలభై ఏళ్ల గచ్చు నునుపు కూడా లేచిపోయింది. ఇప్పటికీ ఆ గది మధ్యలో ఏనుగు తోలులాంటి మచ్చ ఉంది.

అందుకే కింది మూడు గదుల్లో వినైల్ వద్దు. గమ్ముదీ వద్దు, క్లిక్‌దీ వద్దు. క్లిక్ పలకలు గచ్చుని పాడుచేయవు, వద్దనుకుంటే తీసెయ్యొచ్చు, ఆ మేరకు మీ అబ్బాయి మాట నయం. కానీ కింద నీరు నిలిచి వాసన రావడం దాంతోనూ తప్పదు. పైగా మన వైపు తుపాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాని ముంచింది. అప్పుడు మా బంధువుల ఇంట్లో కింది గదిలోకి బెత్తెడు నీళ్లొచ్చాయి. వాళ్లవి క్లిక్ పలకలే. పలకలకి ఏమీ కాలేదు, నిజమే. కానీ కింద చేరిన బురదనీరు ఆరాలంటే గదంతా విప్పి, ఒక్కో పలక కడిగి, మేడ మీద ఆరబెట్టి, నేల ఎండాక మళ్లీ వేయాల్సొచ్చింది. సొంత ఇల్లు కాబట్టి చేసుకున్నారు. అద్దె పిల్లలు చేస్తారా?

మీ ముందు గదికి ఇంకో చిక్కుంది. పూడ్చిన మగ్గం గుంట. బరంపురం పట్టు నేసిన పాత ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. గుంటలో పోసిన మట్టి ఎంత దిమ్మిస చేసినా ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న నేల కుంగదు. కర్రతో నేలని తట్టుకుంటూ వెళ్లండి, గుంట ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ గచ్చుకి చతురస్రంగా సన్నటి బీట కూడా ఉండొచ్చు. క్లిక్ పలకల అంచులకి గాడీ, నాలుకా ఉంటాయి, ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. కింద ఖాళీ ఉంటే నడిచిన ప్రతిసారీ ఆ నాలుక వంగుతుంది, కొన్నాళ్లకి విరుగుతుంది. ఆ చోట గచ్చు పగలగొట్టి, మట్టి తీసి, రాళ్లూ ఇసుకా వేసి నీళ్లు పోసి దిమ్మిస చేయించి, కింద మందపాటి పాలిథిన్ పరిచి కొత్తగా కాంక్రీటు వేయించడం తప్పదు. పైన ఏం వేసినా ఇది మాత్రం చేయాల్సిందే.

మరి కింద ఏం చేయాలి? లోపలి రెండు గదుల్లో ఎర్ర గచ్చుని ఉండనివ్వండి. బీటల్లో సిమెంటు, రెడ్ ఆక్సైడ్ పొడి కలిపి పూయించండి. అతుకు రంగు కచ్చితంగా కలవదు, ఆ మాట ముందే చెబుతున్నాను. తర్వాత బాగా కడిగి, ఆరాక మైనం పాలిష్ పెట్టించండి. నున్నగా మెరిసే ఎర్ర గచ్చుని ఇప్పటి పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు, మీ బ్రోకర్‌కి ఆ సంగతి తెలిసినట్టు లేదు. గచ్చు మరీ పెచ్చులూడి ఉంటే టైల్స్ వేయించండి. టైలుకి చెమ్మ అంత లెక్క కాదు, సిమెంటులో కూర్చుంటుంది, సందుల్లోంచి కొంత ఆరుతుంది. ముందు గదికి ఎలాగూ కొత్త కాంక్రీటు కాబట్టి అక్కడ టైల్సే నయం. వంటింట్లో కూడా అంతే. దించిన కుక్కర్ వినైల్ మీద పెడితే గుండ్రటి మచ్చ శాశ్వతం. గోడకి పెయింటు కూడా ఇప్పుడే వద్దు. రాలిన మేర గీకించి సున్నపు పూత వేయించండి. పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మ ఇంకో అడుగు పైకెక్కి అక్కడ రాలుతుంది.

మేడ మీద మాత్రం వినైల్ వేసుకోండి. అక్కడ నేల కింద మట్టి లేదు, గది ఉంది. మొజాయిక్ అతుకులు లేకపోతే మిషన్ పాలిష్ చేయించమనేవాణ్ణి, ఆ మెరుపు ముందు వినైల్ ఎందుకూ పనికిరాదు. కానీ తవ్వి పూసిన సిమెంటు మచ్చలకి పాలిష్ పట్టదు. కాబట్టి ఇక్కడ మీ అబ్బాయి చెప్పిన ఎస్‌పీసీ క్లిక్ సరైనదే. ఒక్కటి చూసుకోండి. బాత్రూమ్ గోడకి ఆనుకున్న గది మూలలో అడుగున్నర పొడవూ వెడల్పూ ఉన్న పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఈ రాత్రి అతికిస్తే రేపు సాయంత్రం తీయండి. కింద నీటి చుక్కలు గానీ, నేల నల్లబడటం గానీ ఉంటే పైపు కారుతోందన్నమాట, ముందు ఆ పని. కింది గదుల్లో మాత్రం ఈ పరీక్ష మేలో చేసి "పొడిగా ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. అప్పుడు భూమిలో నీరు దిగిపోయి ఉంటుంది. అది సెప్టెంబరులో చేయాల్సిన పరీక్ష.

షాపులో పెట్టె మీద రెండు అంకెలు చూడాలి, షాపాయన చెప్పేది ఒక్కటే. "5 ఎం.ఎం." అంటాడు. అది మొత్తం మందం. అడుగున అంటించిన మెత్తటి ప్యాడ్ 1 మి.మీ. కూడా అందులోనే కలిసి ఉండొచ్చు, అప్పుడు అసలు పలక 4 మి.మీ.యే. ప్యాడ్ పోను ఎంతో అడగండి. రెండో అంకె, అసలైనది, పైన కంటికి కనబడని పారదర్శకమైన పొర. వేర్ లేయర్ అంటారు. చెక్క బొమ్మంతా ఆ పొర కింద అచ్చేసిన కాగితం లాంటి ఫిల్మే. ఆ పొర అరిగిందంటే బొమ్మ పోతుంది, పలక ఎంత మందమున్నా లాభం లేదు. సొంత ఇంటి పడకగదికైతే 0.3 మి.మీ. చాలు. ఇనప మంచాలు ఈడ్చే, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని చదువుకునే, ఏడాదికోసారి మారే పిల్లలకి 0.5 మి.మీ. తీసుకోండి. డబ్బు సరిపోకపోతే మందంలో తగ్గించుకోండి గానీ ఈ పొరలో వద్దు. కొన్ని పెట్టెల మీద 23, 32, 33 అని కూడా ఉంటుంది. 2తో మొదలైతే ఇళ్లకి, 3తో మొదలైతే షాపులూ ఆఫీసులకీ అని లెక్క. మీకు 3తో మొదలైందే కావాలి. డబ్ల్యూపీసీ అని ఇంకోటి చూపిస్తారు, కాలికి మెత్తగా, వెచ్చగా ఉంటుంది. దాని లోపల నురుగులాంటి పదార్థం, మంచం కోడు దిగిన చోట గుంట పడుతుంది. అద్దె ఇంటికి వద్దు.

రెండు మూడు శాంపిల్ ముక్కలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఒకదాన్ని తాళంచెవితో గట్టిగా గీకండి, తడిగుడ్డతో తుడిచాక కూడా గీత కనబడితే పక్కన పెట్టేయండి. రెండు ముక్కలు కలిపి విడదీసి, మళ్లీ కలిపి, అలా ఓ పదిసార్లు చేయండి. నాసిరకం పలకకి ఆ నాలుక పదోసారికి తెల్లబడి వేలితో నొక్కితే విరుగుతుంది. ఇంకో ముక్క మీద కాస్త తలకి వేసుకునే రంగు రాసి పది నిమిషాలుంచండి, తుడిచాక మచ్చ మిగిలితే అదీ వద్దు. పిల్లలు ఎలాగూ ఆ పని చేస్తారు. రంగు విషయంలో నా మాట: ముదురు రంగు వద్దు. ఆస్కా రోడ్డు దుమ్ము ముదురు నేల మీద పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి కాలి ముద్రలతో సహా కనబడుతుంది. పాలు ఎక్కువ పోసిన టీ రంగు, అందులో గీతలు కొంచెం ఎక్కువగా ఉన్నది చూసుకోండి.

వేసేవాళ్ల దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి. పలక మామూలు వడ్రంగే వేయగలడు, కానీ పక్కనుండి చూడాలి. పెట్టెలు రెండు రోజుల ముందే గదిలో పడుకోబెట్టి ఉంచాలి, గోడౌన్ వేడినుంచి మీ గది వేడికి అవి సర్దుకోవాలి. నేలమీద తాపీ మేస్త్రి అల్యూమినియం బద్ద పెట్టి చూడాలి. పదడుగుల పొడవులో కింద 5 మి.మీ. కన్నా ఎక్కువ సందు కనిపిస్తే లెవలింగ్ చేయించాలి. "ఇంకో ఫోమ్ షీటు పరిస్తే సరిపోతుంది" అంటాడు, ఒప్పుకోకండి. పలకకి ప్యాడ్ ఉండగా ఇంకోటి పరిస్తే నేల పరుపులా ఊగి నాలుకలు విరుగుతాయి. గోడచుట్టూ పావంగుళం ఖాళీ వదలాలి, స్కర్టింగ్ కింద అది కనబడదు. మన ఎండకి పలక సాగుతుంది, చోటు లేకపోతే గది మధ్యలో పైకి లేస్తుంది. పడమటి కిటికీకి కర్టెన్ మీరే వేయించేయండి, పిల్లలు వేయరు. గుమ్మం దగ్గర ఒక పట్టీ వేసి రెండు గదులనీ విడగొట్టమనండి. రేపు ఒక గదిలో పలక మార్చాలంటే దగ్గరి గోడనుంచి వరసలు విప్పుకుంటూ రావాలి. పట్టీ ఉంటే రెండో గది జోలికి వెళ్లక్కర్లేదు. తలుపు అడుగు కోయాల్సి వస్తుంది, మీ తలుపులు టేకువైతే ఆ పని మంచి వడ్రంగికే ఇవ్వండి. బీరువాలు రెండు ఎదురెదురు గోడలకి పెడితే నేల మధ్యలో బిగుసుకుపోతుంది, రెండూ ఒకే వైపు పెట్టించండి.

గది 12 అడుగులు, 10 అడుగులైతే 120 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పదోవంతు కలిపితే 132. పెట్టెకి ఎన్ని చదరపు అడుగులో దానిమీదే ఉంటుంది, దాంతో భాగించి పై సంఖ్యకి తీసుకోండి. రేటు అడిగేటప్పుడు పలకకి ఎంత, వేసే కూలికెంత, స్కర్టింగ్, పట్టీలు, లెవలింగ్ ఎంతెంత, విడివిడిగా రాసిమ్మనండి. "అడుగుకింత" అని ఒకే మాట చెప్పినచోట పని మధ్యలో లెవలింగ్ డబ్బులు వేరేగా పుట్టుకొస్తాయి. బిల్లు తీసుకోండి. వారంటీ పదేళ్లూ పదిహేనేళ్లూ అంటారు, చెమ్మ నేలకి అది వర్తించదని అందులోనే సన్న అక్షరాల్లో ఉంటుంది, చదివి చూడండి.

అద్దె కాగితంలో నేల సంగతి రెండు వాక్యాలు రాయించండి. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ చేయాలి కాబట్టి మీరూ అందరిలాగే 11 నెలలకే రాస్తారనుకుంటాను. పిల్లలు దిగే రోజు నేల ఫోటోలు తీసి, వాళ్ల సంతకంతో అట్టిపెట్టుకోండి. మంచం కాళ్లకి ఫెల్ట్ బిళ్లలు మీరే అంటించి ఇవ్వండి. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు వేయొద్దనండి. రబ్బరుకీ వినైల్‌కీ పడదు, మ్యాటు ఎత్తి చూస్తే దాని కొలతకి పసుపు మచ్చ ఉంటుంది, అది ఏం పెట్టి రుద్దినా పోదు. నూలు గుడ్డ మ్యాట్లు చాలు. ఇల్లు శుభ్రం చేసే అమ్మాయికి కూడా మీరే చెప్పండి, శుక్రవారమని బకెట్ నీళ్లు కుమ్మరించి కడగొద్దని, పిండిన తడిగుడ్డతో తుడవమని. మీ ఊరి ఠాకురాణీ అమ్మవారి యాత్రకి మీరొచ్చి ఆ గదుల్లో దిగినా దీపం నేలమీద పెట్టకండి, పళ్లెంలో పెట్టండి.

వానల ముందు అంతా అయిపోవాలన్నారు. మేడ మీది పని రెండు రోజుల్లో అవుతుంది, అది చేయించి ఆ రెండు గదులూ జూన్‌లో అద్దెకిచ్చేయండి. ముందు గది గుంట కూడా ఇప్పుడే తవ్వించండి. లోపలి రెండు గదులకి మాత్రం ఒక వానాకాలం చూడండి, గచ్చు ఉంచాలా, టైల్స్ వేయించాలా అన్నది అప్పుడు తేల్చుకోండి. అద్దె నాలుగు నెలలు పోతుందని అబ్బాయి గొణుగుతాడు. నా గది మధ్యలో మచ్చ ఫోటో కావాలంటే పంపిస్తాను, చూపించండి.

ఇంకోటి. లెక్క ప్రకారం తీసుకున్నాక అదే బ్యాచ్ నంబరుది ఒక పెట్టె ఎక్కువ కొనండి. రెండేళ్ల తర్వాత అదే రంగు దొరకదు, దొరికినా క్లిక్ కలవదు. ఆ పెట్టెని అటక మీద నిలబెట్టకండి, పలకలు వంగిపోతాయి. మేడ మీద గదిలోనే మంచం కింద పడుకోబెట్టండి, పైన ఏ గదిదో చాక్‌పీసుతో రాసి.